ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లకు తేలికపాటి వ్యాయామం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పి, అలసట ఏళ్ల తరబడి వదలని జబ్బు, ఉందని తేలడానికి నాలుగేళ్లు పట్టింది. దానితో ఎలా కదలాలో తెలియడానికి ఇంకో మూడేళ్లు. మొదటిది నా చేతుల్లో లేదు, రెండోదానికి మాత్రం చాలావరకు నా తొందరే కారణం. ఇదే జబ్బుతో ఉన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. మీ గుండె, మీ మోకాళ్లు, మీ మందులు తెలిసిన డాక్టరు ఇందుకు భిన్నంగా చెబితే వాళ్ల మాటే వినండి.

## కదిలితేనే నొప్పి. మళ్లీ వ్యాయామం ఏంటి?

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి అంటారే, సరిగ్గా అదే మన పరిస్థితి. కదిలితే ఇవాళ నొప్పి. కదలకపోతే వారం తిరిగేసరికి అంతకన్నా ఎక్కువ నొప్పి. మంచం మీద ఉన్న కొద్దీ కండరాలు బలం తగ్గుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, కొంచెం దూరానికే ఆయాసం మొదలవుతుంది. అప్పుడు నాలుగు మెట్లు ఎక్కడం కూడా ఒంటికి పెద్ద పని అయిపోతుంది. ఆ పెద్ద పనికి నొప్పి వస్తే, భయపడి ఇంకా తక్కువ కదులుతాం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. మందులు ఒక్కటే వాడి తెంపడం చాలామందికి సాధ్యం కాదు.

యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య 2017లో ప్రచురించిన సిఫార్సులలో మందుల నుంచి ఆక్యుపంక్చర్ దాకా అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. 'గట్టిగా సిఫార్సు చేస్తున్నాం' అన్న మాట ఒక్క వ్యాయామానికే దక్కింది. అలాగని అదేదో సంజీవని అనుకోకండి. నొప్పి మొత్తం పోదు. కొంత తగ్గుతుంది, దానితో పాటు ఓపిక, నిద్ర, మనసు కాస్త బాగుపడతాయి.

## నొప్పి వచ్చిందంటే లోపల ఏదో దెబ్బ తిన్నట్టే కదా?

చీలమండ బెణికినప్పుడు అవును. ఈ జబ్బులో చాలావరకు కాదు. ఇక్కడ తేడా కండరంలో కన్నా నొప్పి కబురు మోసే నరాల వ్యవస్థలో, దాన్ని అర్థం చేసుకునే మెదడులో ఉంటుంది. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. చేతి బొటనవేలి గోటి మీద ఒత్తిడి పెడుతూ మెదడును స్కాన్ చేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఏ స్థాయి నొప్పి కనిపించిందో, ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో సగం కన్నా కాస్త ఎక్కువ ఒత్తిడికే ఆ స్థాయి నొప్పి కనిపించింది. గోరంతను కొండంత చేయడమంటే మనకు అక్షరాలా ఇదే. అయితే ఆ కొండ కల్పన కాదు. మెదడు నిజంగానే అంత నొప్పిని అనుభవిస్తోంది. ఇలాంటి నొప్పికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో 'నోసిప్లాస్టిక్' అని విడిగా ఒక పేరు కూడా పెట్టింది.

ఇంకో సంగతి. ఆరోగ్యవంతులు కాసేపు వ్యాయామం చేస్తే శరీరమే నొప్పిని కొంత అణుస్తుంది. మనలో చాలామందికి ఆ ఏర్పాటు సరిగా పని చేయదు. అందుకే పక్కింటావిడ అరగంట నడిచి హాయిగా ఉందంటుంది, మనం పది నిమిషాలకే ఒళ్లు హూనమై వస్తాం. ఇది బద్ధకం కాదు, నాటకం అంతకన్నా కాదు.

## మొదలుపెట్టే ముందు పరీక్షలేమైనా చేయించుకోవాలా?

ఒకసారి డాక్టర్ని కలవండి. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ డి బాగా తక్కువైనా నీరసం, ఒళ్లు నొప్పులు వస్తాయి. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మందుల వల్ల కొందరికి కండరాలు నొప్పి పుడతాయి. వీటిని సరిచేయకుండా వ్యాయామం మొదలుపెడితే తప్పంతా వ్యాయామం మీదకు పోతుంది. గుండె జబ్బు, బీపీ, షుగర్, గర్భం, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా ఉంటే తప్పకుండా అడిగే మొదలుపెట్టండి.

## అసలు ఎంతతో మొదలుపెట్టాలి?

మీరు అనుకుంటున్న దానికన్నా చాలా తక్కువతో. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి, వీలైతే దీని తర్వాతది కూడా.

మూడు రోజులు నడిచి చూడండి. ఆ మూడు రోజులూ మరీ మంచివీ మరీ చెడ్డవీ కాకుండా, మామూలు రోజులైతే మేలు. ప్రతిసారీ నొప్పి గానీ అలసట గానీ పెరగడం మొదలవగానే ఆపి, ఎన్ని నిమిషాలైందో రాసుకోండి. భరించలేని దాకా ఆగకూడదు, 'ఆ, మొదలైంది' అనిపించిన చోటే ఆపాలి. ఒక రోజు 12 నిమిషాలు, ఒక రోజు 8, ఒక రోజు 10 వచ్చాయనుకోండి. సగటు 10. అందులో సగం, అంటే 5 నిమిషాలు మీ మొదటి మోతాదు.

ఇక్కడ అందరూ నవ్వుతారు. ఐదు నిమిషాలు కూడా వ్యాయామమేనా అని. నాకైతే మొదట్లో మూడు నిమిషాలే వచ్చింది. వీధి చివరి దాకా కూడా కాదు, ఇంట్లోనే ఈ గది నుంచి ఆ గదికి. మరీ సిగ్గేసి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ మూడు నిమిషాలకు మర్నాడు ఒళ్లు ఎదురు తిరగలేదు. అంతకుముందు నాలుగుసార్లు అరగంట చొప్పున మొదలుపెట్టి, నాలుగుసార్లూ మూడో రోజుకల్లా మంచం ఎక్కాను. మనలో ఆరంభ శూరత్వం జబ్బు కన్నా ఎక్కువ.

నడవడమే కష్టంగా ఉంటే కుర్చీలో కూర్చుని కాళ్లు ఒక్కొక్కటే ముందుకు చాపి దించండి. భుజాలు వెనక్కి తిప్పండి. మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకీ కిందకీ ఆడించండి. కొలిచే పద్ధతి మాత్రం అదే: ఎన్నిసార్లకు ఇబ్బంది మొదలైందో చూసి, అందులో సగం.

## ఒంట్లో బాగున్న రోజు ఇంకాస్త ఎక్కువ చేస్తే తప్పేంటి?

మన జబ్బులో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అదే. చెడ్డ రోజున ఎవరూ మితిమీరరు, ఆ శక్తే ఉండదు. బాగున్న రోజున మాత్రం పది రోజుల బాకీ ఒక్క రోజులో తీర్చేయాలనిపిస్తుంది. నడక, అలమరా సర్దుడు, వాయిదా వేసిన బయటి పనులు అన్నీ. ఆ రోజు ఏమీ కాదు. మర్నాడు, లేదా ఎల్లుండి, ఒళ్లంతా పచ్చి పుండు. తర్వాత మూడు నాలుగు రోజులు పడక. మళ్లీ బాగవగానే మళ్లీ బాకీ. ఇలా ఎగసి పడడమే అలవాటైతే నెలల తరబడి చేసినా శక్తి పెరగదు, పైగా 'నాకు వ్యాయామం పడదు' అని మనసులో ముద్ర పడిపోతుంది.

అందుకే మోతాదును గడియారం నిర్ణయించాలి, మూడ్ కాదు. 5 నిమిషాలంటే బాగున్న రోజూ 5 నిమిషాలే. 'ఇంకా చేయగలను' అనిపిస్తుండగానే ఆపాలి. నొప్పిని ఓర్చుకోవడం మనకు ఎలాగూ అలవాటే. ఓపిక ఉండగా ఆపడమే రాదు. నేను ఫోన్లో టైమర్ పెట్టుకుంటాను. అది మోగితే, ఎవరితో మాట్లాడుతున్నా సరే, వెనక్కి తిరుగుతాను. ఒక చిన్న జాగ్రత్త: వెనక్కి రావడానికి పట్టే సమయం కూడా లెక్కలోదే. 5 నిమిషాలంటే వెళ్లడానికి రెండున్నర, రావడానికి రెండున్నర.

## మరి ఎప్పుడు పెంచాలి?

ఒకే మోతాదు రెండు వారాలు చేశాక, మర్నాటి నొప్పి మామూలు స్థాయిలోనే ఉంటే పది శాతం పెంచండి. 5 నిమిషాలకు పది శాతమంటే అర నిమిషం. అవును, అర నిమిషమే. నిమిషాలు, వేగం, రోజుల సంఖ్య, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పడలేదో తెలియదు. ముందు రోజుల సంఖ్య, తర్వాత నిమిషాలు, చిట్టచివర వేగం పెంచమని చాలామంది ఫిజియోథెరపిస్టులు చెబుతారు. నా అనుభవంలోనూ అదే నడిచింది.

పెంచాక ఎదురు తిరిగితే ఒక మెట్టు దిగండి. మొదటికి వెళ్లక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే వారానికి 150 నిమిషాల మాట మీరు వినే ఉంటారు. దాన్ని గోడకు అంటించుకుని రోజూ చూసి టెన్షన్ పడకండి. అది దూరాన ఉన్న గమ్యం. అక్కడి దాకా వెళ్లకపోయినా, సున్నా నుంచి ముప్పైకి వచ్చినా రోజువారీ జీవితంలో తేడా తెలుస్తుంది.

## 'తేలికపాటి' అంటే ఎంత తేలిక?

మాట్లాడుతూ చేయగలగాలి. పూర్తి వాక్యాలు ఊపిరి తెగకుండా వస్తున్నాయంటే సరిపోయింది. రెండేసి మాటలకే ఆయాసం వస్తుంటే ఎక్కువైంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారు చేసిన 6 నుంచి 20 దాకా ఉండే ఒక కొలమానం ఉంది. ఎంత కష్టంగా అనిపిస్తోందో మనమే అంకె చెప్పాలి. మొదట్లో 9 నుంచి 11 మధ్య, అంటే 'చాలా తేలిక', 'తేలిక' అనిపించే చోట ఉండండి. గుండె వేగం చూపించే చేతి గడియారాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అవి అబద్ధం చెబుతాయని కాదు. వాటిలోని లక్ష్యాలు మనలాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. పదివేల అడుగుల లెక్క కూడా అంతే, దాన్ని ఆఫ్ చేసుకోండి.

## ఏ వ్యాయామం అన్నిటికన్నా మంచిది?

మీరు ఆరు నెలల తర్వాత కూడా చేస్తూ ఉండేది. ఇది తప్పించుకునే జవాబు కాదు. పరిశోధనల్లో ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య తేడా పెద్దగా తేలలేదు. మధ్యలో మానేసేవాళ్ల సంఖ్య మాత్రం ప్రతి చోటా సమస్యే. అయినా నా అభిప్రాయం చెబుతాను.

నడక అన్నిటికన్నా సులువు. సమతలంగా ఉన్న దారి ఎంచుకోండి. దిగుడు దారిలో ఆయాసం రాదు కాబట్టి తేలికనిపిస్తుంది గానీ, తొడ కండరాలు సాగుతూ బరువు మోయాల్సి రావడంతో మర్నాటి నొప్పి దిగుడుకే ఎక్కువ.

నీళ్లలో వ్యాయామం నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు మంచి ఆరంభం. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో సగానికి పైగా నీళ్లే మోస్తాయి. ఈత రానక్కర్లేదు, నీళ్లలో నడిస్తే చాలు. నీళ్లు గోరువెచ్చగా, 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటే ఒళ్లు వదులవుతుంది. చల్లటి కొలనులో దిగితే చాలామందికి కండరాలు పట్టేస్తాయి. ఒక సంగతి మర్చిపోకండి: నీళ్లలో ఉన్నంతసేపూ ఎంత చేశామో తెలియదు, బయటికి వచ్చాకే బరువు తెలుస్తుంది. అందుకని అక్కడా టైమరే.

తాయ్ చీ గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. నెమ్మదిగా, ఒక కదలికలోంచి ఇంకో కదలికలోకి జారుతూ చేసే చైనా సాధన ఇది. 2010లో 66 మందితో జరిగిన అధ్యయనంలో పన్నెండు వారాలకు మంచి ఫలితం కనిపించింది. 2018లో 226 మందితో చేసిన మరో అధ్యయనంలో ఏరోబిక్ వ్యాయామానికి (గుండె, ఊపిరి వేగం పెంచే రకానికి) ఏమాత్రం తీసిపోలేదని, కొన్ని విషయాల్లో మెరుగేనని తేలింది. కదలికతో పాటు ఊపిరి, ధ్యాస కూడా కలిసి ఉండడం వల్ల కావచ్చు, జనం మానకుండా చేస్తారు.

యోగాలోనూ ఆ గుణం ఉంది. కానీ అందరితో పాటు క్లాసులో కూర్చుంటే పక్కవాళ్ల వంపు చూసి మనమూ వంగుతాం. నేను ఒక క్లాసులో చేరాను. నొప్పి ఉందంటే అక్కడి టీచర్ 'నొప్పి దాటితేనే ఫలితం' అన్నారు. దాటాను. తొమ్మిది రోజులు మెడ తిప్పలేకపోయాను. నేలకు చేతులు తాకాలన్న పంతం లేకుండా, కుర్చీ, దిండ్లు వాడుకోనిచ్చే చోటైతే యోగా మంచిదే.

## బరువులు ఎత్తవచ్చా?

ఎత్తవచ్చు, ఎత్తాలి కూడా. మన కండరాలు పెళుసువి కావు, బలం పుంజుకుంటాయి. స్వీడన్‌లో 130 మంది మహిళలతో 15 వారాలు, వారానికి రెండుసార్లు చేసిన అధ్యయనంలో బలం పెరిగింది, నొప్పి కూడా తగ్గింది. కాకపోతే వాళ్లు తమ పూర్తి బలంలో 40 శాతం దగ్గర మొదలుపెట్టి, నెలల మీద నెమ్మదిగా పెంచుకుంటూ పోయారు. ఇంట్లో అయితే గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, సాగే రబ్బరు బ్యాండు లాగడం చాలు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకటి రెండు రోజుల విరామం. పైకెత్తడం కన్నా కిందికి దించడం కండరాన్ని ఎక్కువ నొప్పిస్తుంది కాబట్టి మొదట్లో దించే భాగాన్ని మరీ సాగదీయకండి. చేతులు తల పైకి ఎత్తి ఎక్కువసేపు ఉంచే కదలికలను మాత్రం అన్నిటికన్నా చివర్లో మొదలుపెట్టండి, మనకు మెడ భుజాలు ముందే బిగుసుకుని ఉంటాయి.

## స్ట్రెచింగ్ ఒక్కటే చేస్తే సరిపోదా?

హాయిగా ఉంటుంది, బిగువు తగ్గుతుంది, కానీ అదొక్కటే చాలదు. లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగి, 20 నుంచి 30 సెకన్లు ఊపిరి వదులుతూ ఉండండి. ఎగరడాలు, కుదపడాలు వద్దు. వేళ్లు, మోచేతులు మామూలు కన్నా ఎక్కువ వెనక్కి వంగే ఒంటి తీరు ఉన్నవాళ్లు మనలో కొంతమంది ఉంటారు. వాళ్లు సాగదీయడం తగ్గించి బలం పెంచుకోవడమే మేలు.

## మర్నాడు నొప్పి వస్తే అది మామూలు నొప్పా, జబ్బు తిరగబడిందా?

కొత్త పని చేసిన కండరం ఎవరికైనా 24 నుంచి 72 గంటల మధ్య నొప్పిగా ఉంటుంది. అది వాడిన చోటే ఉంటుంది: నడిస్తే పిక్కల్లో, గోడను తోస్తే ఛాతీలో. మూడో రోజుకు తగ్గుతుంది. జబ్బు తిరగబడితే వాడని చోట్లు కూడా సలుపుతాయి. కాళ్ల వ్యాయామానికి చేతులు పీకుతాయి, నిద్ర చెడుతుంది, బుర్ర మొద్దుబారుతుంది, దుప్పటి తగిలినా చిరాకేస్తుంది.

నేను పాటించే లెక్క ఇది. వ్యాయామానికి ముందున్న నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకుంటాను. తర్వాత రెండు మార్కులు పెరిగి, ఒక రోజులో మళ్లీ మామూలైతే అదే మోతాదు కొనసాగిస్తాను. అంతకన్నా పెరిగినా, రెండు రోజులు దాటినా మోతాదు తగ్గిస్తాను. చిన్న నోటు పుస్తకం చాలు, యాప్‌లు అక్కర్లేదు.

## నొప్పి బాగా తిరగబడిన రోజుల్లో పూర్తిగా మానేయాలా?

సున్నా చేయకండి. సగం చేయండి, అదీ కాకపోతే పావు. మంచం మీదే పడుకుని చీలమండలు తిప్పడం, మోకాళ్లు ఒక్కొక్కటే మడిచి చాపడం, గంటకోసారి లేచి గది దాటి రావడం ఆ రోజుకు వ్యాయామమే. వేడినీళ్ల స్నానం తర్వాత చేస్తే కాస్త సులువు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం నిజంగానే విశ్రాంతి తీసుకోండి. తగ్గాక పాత మోతాదులో సగం నుంచి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పాత చోటికి చేరుకోవచ్చు.

## ఏ టైములో చేస్తే మంచిది?

పొద్దున్నే లేవగానే వద్దు. మనలో చాలామందికి లేచిన మొదటి గంటా రెండు గంటలూ ఒళ్లు కట్టెలా ఉంటుంది. పొద్దెక్కాక, సాయంత్రం అలసట కమ్మకముందు ఉన్న సమయం సాధారణంగా అనుకూలం. పడుకోబోయే ముందు గట్టి వ్యాయామం చేస్తే కొందరికి నిద్ర పట్టదు. ఒకేసారి తొమ్మిది నిమిషాల కన్నా మూడు పూటల్లో మూడేసి నిమిషాలు తేలికైతే అలాగే చేయండి, లెక్కలో తేడా రాదు.

## ఇంటి పని అంతా నేనే చేస్తాను. అది వ్యాయామం కాదా?

కదలికే, శక్తి ఖర్చే. కానీ ఊడవడం, బట్టలు ఆరేయడం, గిన్నెలు తోమడంలో ఒకే కండరాలు ఒకే తీరున, ఆపే వీలు లేకుండా పని చేస్తాయి. వ్యాయామంలో మోతాదు మన చేతిలో ఉంటుంది, అక్కడ గిన్నెల చేతిలో ఉంటుంది. కాబట్టి ఇంటి పనిని వ్యాయామంగా చూడకండి, ఖర్చు ఖాతాలో రాయండి. బండెడు బట్టలు ఉతికిన రోజు నడక తగ్గించుకోవాలి. ఇంకా మంచిది, పనినే ముక్కలు చేయడం: పది నిమిషాలు తుడిచి ఐదు నిమిషాలు కూర్చోవడం. కూర్చున్నప్పుడు ఇంట్లో ఎవరైనా ఏమిటలా కూర్చున్నావంటే, ట్రీట్‌మెంట్ అని చెప్పండి. అది నిజమే కదా.

## నిద్రే పట్టదు, ఇక వ్యాయామానికి ఓపికెక్కడిది?

ఈ రెండింటి ముడి చాలా పాతది. 1970లలో మోల్డోఫ్‌స్కీ అనే కెనడా వైద్యుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను గాఢనిద్రలోకి జారనీయకుండా కొన్ని రాత్రులు అడ్డుకుంటే, వాళ్లకూ ఒళ్లు నొప్పులు, నిస్సత్తువ వచ్చాయి. అంటే నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది. పగటి పూట చేసే చిన్నపాటి వ్యాయామం రాత్రి నిద్రను కొంత లోతు చేస్తుంది, కాకపోతే ఆ ఫలితానికి వారాలు పడుతుంది. అసలు కన్ను మూతపడని రాత్రి తర్వాత మోతాదు సగం చేసుకోండి. గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉండడం, కాళ్లు కుదురుగా ఉండకపోవడం వంటివి ఉంటే డాక్టరుకు చెప్పండి, వాటికి వేరే వైద్యం ఉంది.

## మందులు వాడుతూ వ్యాయామం చేయవచ్చా? ముందు నొప్పి బిళ్ల వేసుకుంటే?

చేయవచ్చు. ప్రీగాబలిన్ వల్ల కొందరికి తల తిరుగుతుంది, మగతగా ఉంటుంది. అమిట్రిప్టిలిన్ వేసుకునేవాళ్లకు గబుక్కున లేస్తే కళ్లు చీకట్లు కమ్మవచ్చు. డులాక్సెటిన్‌తో చెమట ఎక్కువ పట్టవచ్చు, నీళ్లు తాగుతూ ఉండండి. మోతాదు మార్చిన వారం ఒంటికాలి మీద నిలబడే సాధనలు వద్దు. ఇక నొప్పి బిళ్ల: ఐబుప్రొఫెన్ లాంటివి ఈ జబ్బు నొప్పి మీద పెద్దగా పని చేయవు. వేసుకుని హద్దు దాటి చేస్తే రెండు విధాలా నష్టం.

## ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

మొదటి మూడు నాలుగు వారాలు నొప్పి కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. చాలామంది మానేసేది అక్కడే. ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు కొంత మార్పు కనిపిస్తుంది. నొప్పి మార్కులే చూస్తూ కూర్చుంటే నిరాశ పడతారు, ఎందుకంటే ముందుగా మారేది నొప్పి కాదు. నాకు మొదట తెలిసిన తేడా ఏమిటంటే, స్నానం చేసి వచ్చాక మంచం మీద వాలకుండా జుట్టు దువ్వుకోగలిగాను. అది గమనించడానికే రెండు రోజులు పట్టింది.

## నాకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కూడా ఉందన్నారు. ఇదే పద్ధతి వర్తిస్తుందా?

ఇక్కడ జాగ్రత్త. ఆ జబ్బులో చిన్న శ్రమకే, చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, మొత్తం శరీరం కుప్పకూలుతుంది. రోజులు, ఒక్కోసారి వారాలు తేరుకోరు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2021లో ఆ జబ్బుకు క్రమంగా పెంచుకుంటూ పోయే వ్యాయామ చికిత్సను ఇవ్వొద్దని చెప్పింది. కాబట్టి పైన రాసిన పది శాతం పెంపు మీకు కాదు. ఉన్న శక్తి హద్దులో ఉండడమే మీకు ముఖ్యం. ఈ రెండు జబ్బులూ తెలిసిన డాక్టరుతో మాట్లాడే ఏదైనా చేయండి.

## ఏం కనిపిస్తే వెంటనే ఆపాలి?

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎన్నడూ లేని ఆయాసం, స్పృహ తప్పుతున్నట్టు ఉండడం, ఒక కాలో చెయ్యో హఠాత్తుగా బలం కోల్పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం. వీటిలో ఏది వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యం అందుకోవాలి. ఒక కీలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, జ్వరం వదలకపోయినా డాక్టరుకు చూపించండి. ఫైబ్రోమయాల్జియా కీళ్లను వాపెక్కించదు. 'అంతా ఆ జబ్బే' అనుకుని ఇంకో జబ్బును దాచేయడం మనమూ చేస్తాం, ఒక్కోసారి డాక్టర్లూ చేస్తారు.

## ట్రైనర్ దగ్గరికి వెళ్లాలా, ఫిజియోథెరపిస్టు దగ్గరికా?

మొదట ఫిజియోథెరపిస్టు, అదీ ఈ జబ్బు ఉన్నవాళ్లను ఇంతకుముందు చూసినవాళ్లు. ఫోన్లోనే ఒక ప్రశ్న అడగండి: 'నేను చేసిన మర్నాడు లేవలేకపోతే ఏం చేస్తారు?' మోతాదు తగ్గిస్తాం అంటే వెళ్లండి. అలవాటయ్యే దాకా అలాగే ఉంటుంది అంటే థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేయండి.

## మధ్యలో రెండు నెలలు మానేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

మళ్లీ మూడు రోజులు నడిచి కొలవండి. పాత అంకె కోసం వెతకకండి, అది వేరే ఒంటిది. కొత్తగా వచ్చిన సగటులో సగం తీసుకుని టైమర్ పెట్టుకోండి. నేను ఇప్పటికి ఆరుసార్లు ఇలా మొదటికి వచ్చాను, చివరిసారి నాలుగు నిమిషాలతో.